చేతివేడి

"మీ అమ్మగారికి మెత్తటి అడుగున్నవి చూపించమంటారా మేడమ్?"

చెప్పుల దుకాణంలో పనిచేసే అమ్మాయి అడిగిన మాట ఇది. అడిగింది చిన్నదాన్ని. అమ్మగారు అన్నది పెద్దదాన్ని. చిన్నది ఒంటికాలిమీద నిలబడి ఎర్ర బూటు తొడిగి చూసుకుంటోంది. పెద్దది గోడవారగా బల్లమీద కూచుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మోకాలు నొక్కుకుంటోంది. ఆ అమ్మాయి తప్పేముంది పాపం, కళ్లకు ఎలా కనబడితే అలా అడిగింది.

తప్పల్లా చిన్నదానిదే. నవ్వింది. కళ్లనీళ్లొచ్చేలా, తూలి గోడ పట్టుకునేలా నవ్వింది. "అమ్మ కాదండీ, మా అక్క" అని ఒక్క ముక్క అంటే దాని సొమ్మేం పోయింది? అనలేదు. నవ్వు ఆగాక కూడా అనలేదు. "చూపించండి, చూపించండి" అంది.

అక్కాచెల్లెళ్లంటే నాలుగైదేళ్ల ఎడముందనుకునేరు. వాళ్లిద్దరూ కవలలు. ఒకే కడుపున, ఒకే పూట, ఒకరి వెనక ఒకరు భూమ్మీద పడ్డారు. చిన్నప్పుడు అచ్చు గుద్దినట్టుండేవారు. కన్నతల్లే పొరబడి ఒకదానికే రెండుసార్లు స్నానం చేయించి, రెండోదాన్ని మట్టికాళ్లతో పడుకోబెట్టిన సందర్భాలున్నాయి. అలాంటిది యాభై దాటేసరికి ఒకతె తల్లిలా, ఇంకొకతె కూతురిలా తయారైతే పెద్దదానికి కడుపు మండదా మరి? మండింది. ఇంటికొచ్చి, కొన్న మెత్తటి చెప్పుల్ని మూలకు విసిరికొట్టింది. అద్దం ముందు నిలబడి కళ్లకింది సంచుల్ని వేళ్లతో పైకి లాగి చూసుకుంది. వదిలితే మళ్లీ కిందికి జారాయి.

"దానికేం, దొరసాని! పొద్దస్తమానం నీళ్లల్లో ఈదుకుంటూ తిరుగుతుంది," అని అద్దంతో అంది. "నాలాగా ట్యూబులైట్ల కింద కూచుని గొట్టాలతో కుస్తీ పడితే తెలిసేది."

చిన్నది ఈత నేర్పే టీచరు. పెద్దది పనిచేసేది మనిషికి వయసు ఎందుకు మీదపడుతుందో పరిశోధించే సంస్థలో. "ముసలితనం గుట్టు విప్పే చోట పనిచేస్తూ మా వదినగారే ముందు ముసలైపోయారు" అని చిన్నదాని మొగుడు ఒకసారి భోజనాల దగ్గర వేళాకోళమాడాడు. అందరూ నవ్వారు. పెద్దది కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుస్తోందనుకుంటారని నవ్వింది.

సంస్థలో ఆమెను ఐసమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు మొహంమీదే అంటున్నారు. ఆమె నోటినుంచి వచ్చే మొదటి మాటా, ఆఖరి మాటా ఐసే మరి. "ఐసేదీ? ఐసులో పెట్టావా? ఐసు కరిగితే ఎవరిది జవాబు?" అని రోజంతా ఒకటే గోల. ఆ గోలకు కారణం ఆమె కొలిచే సరుకు.

దాని పేరు ఎన్.ఎ.డి. పేరు చూసి బెదరకండి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ పనులు చేసిపెట్టేవాటిని ఎంజైములంటారు, వాటికి తోడు నిలిచేదాన్ని కోఎంజైము అంటారు. ఎంజైము తాపీమేస్త్రీ అయితే ఇది తట్ట మోసే మనిషి. తిన్న తిండిలోంచి ఊడదీసిన శక్తిని ఒకచోట ఎత్తుకుంటుంది, ఇంకోచోట దించుతుంది, ఖాళీ తట్టతో మళ్లీ వెనక్కొస్తుంది. మనం పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా దానిది అదే చాకిరీ. పైగా కణంలో ఎక్కడైనా చిరుగు పడితే అతుకు వేయడానికి కూడా దీన్నే ఖర్చుపెడతారు. వయసు పైబడేకొద్దీ ఈ తట్ట మోసేవాళ్లు తగ్గిపోతారు. వీళ్లు తగ్గినందుకు ముసలితనం వస్తోందా, ముసలితనం వచ్చినందుకు వీళ్లు తగ్గుతున్నారా అంటే మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఐసమ్మ పై అధికారి ఒక డాక్టరు, తలపండినవాడు. ఆయన కూడా "ఏమో, చూద్దాం" అనేవాడే తప్ప ఇంకో మాట అనేవాడు కాదు.

ఇంత ముఖ్యమైన సరుకు మహా పెళుసు. రక్తంలో కణాలు పగలనంతసేపూ పరవాలేదు. కొలవడంకోసం చల్లటి నీళ్లు పోసి కణాల్ని పగలగొట్టారా, దీన్ని కొరికి పారేసే ఎంజైములు కూడా అదే గొట్టంలో బయటపడతాయి. వెంటనే యాసిడ్ వేసి వాటి నోరు కట్టెయ్యాలి. వేసేదాకా గొట్టం ఐసులోంచి కదలకూడదు. కాస్త వెచ్చబడిందా, లోపలున్నదంతా ముక్కలుముక్కలైపోతుంది. "దాన్ని చంపడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదమ్మా, మీ చేతివేడి చాలు" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఐసమ్మ చెప్పేది. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమెకు కంఠతా వచ్చింది.

ఆ రోజుల్లోనే డాక్టరు కొత్త పరీక్ష మొదలుపెట్టాడు. యాభై దాటినవాళ్ల రక్తంలో ఎన్.ఎ.డి. ఎంతుందో చూడాలట. "కవలలు దొరికితే బంగారమే," అన్నాడు ఒకరోజు టీ తాగుతూ. "పుట్టుక ఒకటే కాబట్టి, తేడా ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవచ్చు."

తనకో కవల చెల్లెలుందని ఐసమ్మ ఆ సంస్థలో ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. బల్లమీద ఫొటో పెట్టుకోలేదు. పెడితే చూసినవాళ్లు ఏమంటారో ఆమెకు తెలియదా? కానీ చెప్పుల దుకాణంలో విన్న నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"నాకో చెల్లెలుంది సార్. కవలలమే," అంది.

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమండీ!" అని డాక్టరు టీ కప్పు కింద పెట్టేశాడు.

ఐసమ్మ ఎందుకు చెప్పిందో ఇక్కడే చెప్పేస్తాను, దాపరికమెందుకు. మొహానిదేముంది, జుట్టుకు రంగేస్తే నలుపు, చెంపకు క్రీమేస్తే మెరుపు. రక్తానికి రంగు వెయ్యలేరుగా! లోపల తనెంతో అదీ అంతేనని యంత్రం చేత చెప్పించాలి. వీలైతే తనకన్నా ఒక మెట్టు కిందే అనిపించాలి. ఆ ఒక్క అంకె కావాలి ఐసమ్మకు. దానికోసం నిద్రలో కూడా పళ్లు కొరికింది.

రక్తం ఇవ్వడానికి చిన్నది ఎర్ర బూట్లు వేసుకుని దిగింది. వచ్చిన కాసేపటికే నర్సుతో వరసలు కలిపేసింది, సూది గుచ్చుతుంటే "మెల్లిగా తల్లీ, ఇంకా పెళ్లికావాల్సిన పిల్లని" అని నవ్వించింది. రక్తం ఇచ్చాక వెళ్లిపోవచ్చు కదా, వెళ్లలేదు. అక్క పనిచేసే చోటు చూస్తానంటూ లోపలికొచ్చింది.

ఐసమ్మ అప్పటికే తన రక్తం పని పూర్తిచేసుకుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా, ఐసులోనే కణాలు పగలగొట్టి, ఐసులోనే యాసిడ్ వేసి మూత బిగించింది. ఇప్పుడు చిన్నదాని వంతు. గొట్టంలో చల్లటి నీళ్లు పోసింది. కణాలు పగిలి రక్తం ఎర్రగా, పలచగా మారింది. బాగా కలిసిందో లేదో వెలుతురులో చూద్దామని గొట్టాన్ని ఐసులోంచి పైకెత్తింది.

అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు. ఇన్నేళ్లలో ఐసమ్మను "భోంచేశారా" అని కూడా అడగని మనిషి, తన గదిలోంచి కుర్చీ తనే మోసుకొచ్చి చిన్నదానికి వేశాడు.

"మీరు కవలలంటే నేను నమ్మనండి. సాక్ష్యం కావాలి," అన్నాడు, పళ్లన్నీ కనబడేలా. ఆయనకన్ని పళ్లున్నాయని ఐసమ్మకు ఆ రోజే తెలిసింది.

"ముక్కు చూడండి సార్, సాక్ష్యం," అంది చిన్నది. "దేవుడిచ్చింది ఆ ముక్కొక్కటే. మిగతాదంతా ఎవరి సంపాదన వాళ్లది!"

డాక్టరు నవ్వాడు. నర్సు నవ్వింది. చిన్నది అందరికన్నా గట్టిగా, దుకాణంలో నవ్విన నవ్వే మళ్లీ నవ్వింది. ఐసమ్మ వాళ్లకు వీపు పెట్టి నిలబడింది. ఎవరి సంపాదన వాళ్లదా! అమ్మ మంచాన పడ్డప్పుడు ఈ సంపాదన ఎక్కడికెళ్లిందో! పోటీలకని అది ఊళ్లు తిరుగుతుంటే అమ్మకు పక్క మార్చింది ఎవరో! చెవుల దాకా రక్తం పొంగింది. పిడికిలి బిగుసుకుంది. ఆ పిడికిట్లో గొట్టం ఉంది.

నవ్వు ఆగాక ఆమెకు ఒళ్లు తెలిసింది. యాసిడ్ వేసింది, కలిపింది, మూత బిగించి ఐసులో గుచ్చింది. చూడ్డానికి ఏ తేడా లేదు. రెండు గొట్టాలూ పక్కపక్కన ఒక్కలాగే ఉన్నాయి.

యంత్రం ఫలితం చెప్పిన రోజు ఐసమ్మ ఒక్కతే ఉంది గదిలో. తెరమీద ఒక్కొక్కరికి రెండు శిఖరాలు లేస్తాయి. ఒకటి ఎన్.ఎ.డి.ది, దాని పక్కనుండేది విరిగిపోయిన ముక్కలది. తనది చూసుకుంది. వయసుకు తగ్గట్టు, ఒక పిసరు ఎక్కువగానే ఉంది. చిన్నదానిది చూసింది. సగం కూడా లేదు.

పక్క శిఖరం చూడాలి. ఎవరికైనా నేర్పేటప్పుడు ముందు అదే చూడమంటుంది. ఆ రోజు చూడలేదు. కళ్లు అటు తిరగబోతే తనే ఇటు లాక్కుంది. సగం కూడా లేదు, సగం కూడా లేదు అని లోపల ఒకటే పాట. కుర్చీలోంచి లేస్తే మోకాలు కూడా నొప్పెట్టలేదు.

పరీక్షలో ఎవరి ఫలితం వాళ్లకు చెప్పకూడదని నియమం. ఐసమ్మ ఆ సాయంత్రమే బేకరీలో కేకు కట్టించుకుని మరీ చెల్లెలింటికి వెళ్లింది. కేకు కోసి, తిని, మూతి తుడుచుకుని, "నీ మంచి కోరి చెబుతున్నానే" అని మొదలుపెట్టింది. ఇలా మొదలయ్యే మాటల్లో మంచి ఎప్పుడైనా ఉంటుందా?

"నీ రక్తంలో ఆ పదార్థం సగానికి పడిపోయింది."

"అంటే ఏంటక్కా?"

"అంటే పైకే నీ సోకంతా. లోపల బాగా వయసైపోయింది నీకు."

"ఎంత?"

ఎంత అన్నది యంత్రం చెప్పలేదు. అలా చెప్పే యంత్రం ఇంకా పుట్టలేదు. అయినా ఐసమ్మ నోరు ఆగలేదు. "డెబ్భై దాటినవాళ్లకు ఉంటుంది, అంత," అంది. అది కడుపుమంట చెప్పిన అంకె.

చిన్నది కేకుముక్క పళ్లెంలో పెట్టేసింది. "నాకేం తెలియడంలేదే," అని తన చేతులు తిప్పి చూసుకుంది. "రోజూ ఈదుతున్నాను కదా... మరి ఈదితే అది ఇంకా ఖర్చయిపోతుందా అక్కా?"

కాదే పిచ్చిదానా అనొచ్చు. "ఏమోనమ్మా, కాస్త నెమ్మదిగా ఉండు," అంది ఐసమ్మ. ఇంటికెళ్తూ దారంతా కూనిరాగం తీసింది.

కొన్నాళ్లకు మరిది ఫోన్ చేశాడు. "ఏం చెప్పారు వదినా మీరు? ఈవిడ కొలను మొహం చూడటం మానేసింది. క్లాసులు వేరేవాళ్లకు అప్పజెప్పింది. సెలయేరులా గలగలలాడే మనిషి, కిటికీ పక్కన కూచుని నాడి చూసుకుంటోంది. నేను జోకేస్తే 'నన్ను ఎక్కువ నవ్వించకండి, అలసిపోతాను' అంటుంది. నాకు భయంగా ఉంది."

ఈసారి ఆయన మాటలో వేళాకోళం లేదు. ఐసమ్మకు కాస్త గుచ్చుకున్న మాట నిజమే. దానికన్నా ఎక్కువగా ఎలా ఉందో ఒకసారి చూడాలనిపించిన మాట కూడా నిజమే. మనసు అలాంటిది, ఏం చేస్తాం.

మర్నాడు డాక్టరు పిలిచాడు. "ఐసమ్మగారూ, ఇలా రండి. మీ చెల్లెలిగారిది చూడండి."

తెరమీద ఆయన వేలు పెట్టింది పక్క శిఖరం మీద. అది ఆకాశాన్నంటుతోంది.

"ఉండాల్సిన చోట లేదు సరే, విరిగిన ముక్కలన్నీ ఇక్కడ గుట్టగా పడున్నాయి. ఈ రెండూ కలిపితే దాదాపు మీకున్నంత ఉంది. ఆవిడలో లోటేం లేదండీ. యాసిడ్ పడేలోపు గొట్టం వెచ్చబడింది, అంతే. మీ చేతిలో ఇలాంటిది జరగదు. ఆ రోజు నర్సు కూడా అక్కడే ఉంది కదా, ముట్టుకుందేమో. పిలిచి గట్టిగా చెబుతాను."

ఐసమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నర్సు కాదు, నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగలేక, కక్కలేక, "చూస్తాను సార్" అని బయటపడింది. కుడి అరచెయ్యి కోటుకు రుద్దుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది.

నేరుగా చెల్లెలింటికి వెళ్లింది, చెప్పేద్దామనే వెళ్లింది. తలుపు తీసిన మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చిన్నది జుట్టుకు రంగు వేసుకోవడం మానేసింది, పాపిట దగ్గర రెండు వేళ్ల మేర తెల్లగా మెరుస్తోంది. భుజాలు ముందుకు ఒంగాయి. కళ్లకింద సంచులు, అచ్చం ఐసమ్మవే.

"సరిగ్గా సమయానికొచ్చావక్కా. నాతో చెప్పుల కొట్టుకు రా. నీకున్నటువంటివి కొనుక్కోవాలి, ఆ ఎర్రవి వేసుకుంటే ఎక్కడ పడతానోనని భయంగా ఉంది," అంది చిన్నది, గోడ పట్టుకుని ఆ ఎర్ర బూట్లే తొడుక్కుంటూ. వేరేవి ఇంట్లో లేవు.

అదే దుకాణం, అదే అమ్మాయి. ఇద్దర్నీ బల్లమీద పక్కపక్కన కూచోబెట్టి, మొహాలకేసి చూసి, నోరు తెరిచింది. "అరె! మీరు కవలలా అండీ? అచ్చు గుద్దినట్టున్నారే!"

ఐసమ్మకు ఒళ్లు పులకరించింది. అబద్ధమెందుకు, గుండె నిండిపోయింది. ఎన్నేళ్లయింది ఆ మాట విని! చిన్నప్పుడు వీధిలో ఎవరు చూసినా అనేవాళ్లు ఆ మాట. చెప్పకుండా ఊరుకుంటే ఏం పోయింది అనిపించింది. గొట్టం సంగతి తనకూ డాక్టరుకూ తప్ప ఎవరికి తెలుసు? ఇది ఇలాగే ఉంటే, ఇద్దరూ ఇలాగే పక్కపక్కన మెత్తటి చెప్పులేసుకుని నడుస్తుంటే, ఎవరికేం నష్టం?

చిన్నది నవ్వలేదు. చెప్పు తొడుక్కోవడానికి ఒంగి, "అబ్బా" అని మోకాలు నొక్కుకుంది. ఏ నొప్పీ లేని మోకాలు అది. మొన్నటిదాకా చేపలా ఈదిన మోకాలు. ఐసమ్మ ఎలా నొక్కుకుంటుందో అలాగే, బొటనవేలు పక్కకు పెట్టి నొక్కుకుంది.

"నువ్వు చెప్పబట్టి సరిపోయిందక్కా," అంది, తలెత్తకుండానే. "లేకపోతే నా ఒంట్లో ఏమవుతోందో తెలియక గంతులేస్తూనే ఉండేదాన్ని. నీకంటే నాకు కావాల్సినవాళ్లెవరు చెప్పు? నువ్వు కాబట్టి చెప్పావు."

ఐసమ్మ చెల్లెలి చెయ్యి మోకాలిమీంచి లాగేసింది. "ఒసేయ్," అంది. "నీకేం కాలేదే."

"ఊరుకో, ఓదార్చకు."

"ఓదార్చడం కాదు. నీ రక్తం నేనే పాడుచేశాను. ఐసులో ఉండాల్సిన గొట్టాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ వేడికి అంతా ముక్కలైపోయింది. డెబ్భై ఏళ్లన్నది కూడా నా నోటికొచ్చింది నేనన్నానంతే. నీకేం లోటులేదు. అంతా నేనే."

దుకాణం అమ్మాయి పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిన్నది నెమ్మదిగా తలెత్తింది.

"ఐసమ్మవు నువ్వు," అంది. "ఐసులో పెట్టడం నువ్వెలా మరిచిపోతావు?"

ఐసమ్మ కుడి అరచెయ్యి ఒళ్లో దాచుకుంది.

"ఎంతసేపు పట్టుకున్నావు?"

"నువ్వు నవ్వినంతసేపు."

చిన్నది కాళ్లకున్న కొత్త చెప్పులకేసి చూసుకుంది. "అంటే చాలాసేపే పట్టుకున్నావన్నమాట," అంది. మెత్తటి చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఎర్ర బూట్లు తొడుక్కుని, నడుం నిటారుగా నిలబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వీధిలోకి నడిచిపోయింది. ఆ నడక చూసి ఐసమ్మకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో సంతోషమెంతో, బాధెంతో, పాత కుళ్లెంతో విడదీయడం ఆమెకే చేతకాలేదు.

మర్నాడు డాక్టరు గదికి వెళ్లి, "నర్సును ఏమీ అనకండి సార్, నేనే పట్టుకుని నిలబడ్డాను" అని చెప్పింది. ఫలితాన్ని చెల్లెలికి చెప్పేసిన సంగతి కూడా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నమ్మలేనట్టు చూసి, ఇక మీదట ఇంటివాళ్ల నమూనాలు ముట్టుకోవద్దని, చెల్లెలి రక్తం మళ్లీ తీసి చేసే ఈ ఒక్కదానికి మాత్రం తను పక్కనే నిలబడి చూస్తానని అన్నాడు. నర్సు ఆ రోజునుంచి ఆమెను ఐసమ్మ అనడం మానేసి మేడమ్ అనసాగింది. అది ఇంకా గుచ్చుకుంది.

డాక్టరు కబురు పెడితే చిన్నది రెండోసారి వచ్చింది. కుర్చీ వేస్తే కూచుంది, చెయ్యి చాపింది, ఎవరితోనూ ఒక్క జోకు వెయ్యలేదు. ఐసమ్మ గొట్టాన్ని ఐసులోంచి కదపకుండా, కదిలితే ప్రాణం పోతుందన్నట్టు పని పూర్తిచేసింది. వెళ్తూ వెళ్తూ చిన్నది తలుపు దగ్గర ఆగింది.

"ఎంత వచ్చినా నాకు చెప్పకు," అంది. "నీ లెక్కలు నాకొద్దు."

లెక్క వచ్చింది. ఇద్దరిదీ ఒకటే. ఒకటే అంటే, పెద్దదానిది వెంట్రుకవాసి ఎక్కువ కూడానూ! చెప్పుల దుకాణం నుంచి ఇప్పటిదాకా ఆమె ఏ అంకె కోసం కొట్టుకుపోయిందో ఆ అంకే వచ్చి తెరమీద కూచుంది. లోపల ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. ఆ మొహం ఈ మొహం ఎందుకు వేరయ్యాయో ఆ పదార్థానికి తెలియదు. దీన్ని చిన్నదానికి చెప్పడానికి లేదు, ఇంకొకరికి చెబితే వినేవాళ్లు లేరు. ఐసమ్మ తెర ఆర్పేసింది.

ఫోన్లు లేవు. ఐసమ్మ చేస్తే మరిది ఎత్తి, "స్నానంలో ఉంది వదినా" అనేవాడు. ఎప్పుడు చేసినా స్నానమే. ఇక పట్టలేక ఒక ఆదివారం పొద్దున కొలను దగ్గరికే వెళ్లింది. గట్టుమీద వరసగా బల్లలు, తువ్వాళ్లు పట్టుకుని తల్లులు. చిన్నది నడుం లోతు నీళ్లలో నిలబడి పిల్లలకు చేతులు ఎలా వెయ్యాలో చూపిస్తోంది. జుట్టుకు మళ్లీ రంగు పడింది. అక్కను చూసింది, చూడనట్టు మొహం తిప్పుకుంది.

పక్కన కూచున్న ఒక పిల్ల తల్లి ఐసమ్మవైపు ఒరిగి, "టీచరుగారి అమ్మగారాండీ మీరు?" అని మర్యాదగా అడిగింది.

నీళ్లలో చిన్నది విన్నది. అంత దగ్గర్లో వినబడకుండా ఎలా ఉంటుంది? ఐసమ్మ కళ్లు మూసుకుని ఆ నవ్వుకోసం ఎదురుచూసింది. ఈసారి నవ్వినా హక్కుంది దానికి, నవ్వనీ అనుకుంది.

నవ్వు రాలేదు.

"మా అక్కండీ," అంది చిన్నది, మొహంమీది నీళ్లు తుడుచుకుంటూ. "ఇద్దరం కవలలం."

ఆవిడ నమ్మలేక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ముక్కు చూడండి," అంది చిన్నది. తర్వాత అక్కకేసి తిరిగి, ఇంకా కోపం తగ్గని గొంతుతోనే, "వచ్చినదానివి అలా దిష్టిబొమ్మలా కూచోకపోతే నీళ్లలోకి దిగొచ్చుగా," అంది.

"నాకు ఈత రాదని తెలుసుగా నీకు."

"దిగమన్నాను. ఈదమనలేదు."

అనేసి, సమాధానం కోసం ఆగకుండా నీళ్లలో మునిగి అవతలి గట్టుకేసి సాగిపోయింది. నీళ్లు కూడా చెదరడంలేదు. ఆ భుజాలు, ఆ వేగం, ఆ వయసులో! ఐసమ్మ కడుపులో పాత మంట మళ్లీ చిన్నగా రాజుకుంది. అదెక్కడికి పోతుంది, పుట్టుకతో వచ్చిన ముక్కులాంటిదాయె. ఆమె మెత్తటి చెప్పులు విప్పి, కొలను మెట్టుమీద కూచుని, రెండు చేతులూ మణికట్టుదాకా చల్లటి నీళ్లలో ముంచి పెట్టింది.